నాలుగు చెంచాల వెన్న

"కేకు కావాలండీ. మూడంతస్తులది. పాలు, వెన్న, గుడ్డు... ఏవీ ఉండకూడదు."

క్రీముతో గులాబీ వేస్తున్న మాస్టరు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గులాబీ కాస్తా గోబీ పువ్వయింది.

"అవన్నీ తీసేస్తే ఇక మిగిలేది కేకు పెట్టే అట్టపెట్టేనండీ!"

"అంటే మీకు చేతకాదా?"

"చేతకాకపోవడమా? నా చేతికా?"

"మరైతే చెయ్యండి."

అతన్ని వీధి వీధంతా మాస్టరనే పిలుస్తుంది. వయసు ఇరవై ఎనిమిది. తల్లి పెట్టిన బేకరీలో ముందు కౌంటరు ఆవిడది, వెనక వంటగది ఇతనిది. అతని వెన్న కేకు కోసం వానలో కూడా గొడుగులు వరస కడతాయి. ఇప్పుడు అడిగినావిడ ఆ చివరనున్న పశువుల ఆస్పత్రిలో డాక్టరు. రెండు నెలలుగా రోజూ ఉదయం ఎనిమిదింటికి వచ్చి పాలు లేని టీ తాగి వెళ్తోంది. సరిగ్గా ఎనిమిదికే మాస్టరుకి కౌంటరు దగ్గర ఏదో ఒక పని పడుతోంది. ఈ సంగతి డాక్టరమ్మకి తెలుసో లేదో గాని, తల్లికి మాత్రం మొదటి వారంలోనే తెలిసిపోయింది.

"ఇంతకీ కేకు దేనికమ్మా?" అని అడిగింది తల్లి.

"పెళ్ళికండీ. వచ్చే ఆదివారం."

మాస్టరు గుండెలో రాయి పడింది. "శుభం," అన్నాడు, సంతాపం చెబుతున్న గొంతుతో. "పెళ్ళి... మీదేనా?"

"మా అమ్మమ్మది."

తల్లి కళ్ళజోడు జారి బిస్కెట్ల డబ్బాలో పడింది. మాస్టరు ఒకటికి రెండుసార్లు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

"అమ్మమ్మ అంటే... అమ్మకి అమ్మ?"

"ఇంకోరకం అమ్మమ్మలు ఉంటారా? డెబ్భై ఒకటి ఆవిడకి. పెళ్ళికొడుక్కి డెబ్భై నాలుగు. ముప్పై ఏళ్ళు మాంసం కొట్టు నడిపారాయన."

"మాంసం కొట్టాయన పెళ్ళికి వెన్న లేని కేకా!"

"ఆయనా వీగనే. మేం ముగ్గురమూ వీగన్లమే. మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ ముట్టుకోం." డాక్టరమ్మ టీ కప్పు చేతిలోకి తీసుకుంది. "అమ్మమ్మ గుండెకి స్టెంటు పడింది. ఇవి తగ్గించండి అన్నాడు డాక్టరు. తగ్గించడం నా వల్ల కాదు, మానడమైతే మానేస్తానంది. అక్కడే ఆస్పత్రిలో, ఏం తినాలో చెప్పే క్లాసులో ఆయన పరిచయం. మీరెందుకు మానేశారని అమ్మమ్మ అడిగితే ఏమన్నారో తెలుసా? నాకు మాంసం ఎప్పుడూ సయించలేదండీ, మా నాన్న కొట్లో కూర్చోమన్నాడు, కూర్చున్నాను. నీకిష్టమేనా అని ముప్పై ఏళ్ళలో నన్ను అడిగిన మొదటి మనిషి మీరే, అన్నారట. అంతే, కథ పెళ్ళిదాకా వచ్చింది."

"మరి మీరెందుకు మానేశారు?"

ఆమె నవ్వు సగంలో ఆగింది. బయట వాన జల్లుకేసి చూసింది. "నా సంగతి వేరే. కేకు బాగా కుదిరితే చెప్తాను."

ఆ మాటతో మాస్టరు నడుం బిగించాడు.

మొదటి కేకు ఇటుకలా వచ్చింది. రెండోదాన్ని తల్లి మారుమాట్లాడకుండా తీసుకెళ్ళి గాలికి కొట్టుకుంటున్న తలుపుకి అడ్డం పెట్టింది. మూడోది పొయ్యిలో బాగానే పొంగింది, బయటికి తియ్యగానే నిట్టూర్చి చతికిలబడింది. నాలుగోదాని నిండా కొబ్బరినూనె. డాక్టరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది?" ఆత్రంగా అడిగాడు.

"ఇది తిన్నాక జడ వేసుకోవాలనిపిస్తోంది."

తల్లి పకపకా నవ్వింది. మాస్టరుకి ముఖం చెల్లలేదు. కాని ఆ నాలుగు రోజుల్లో ఆమె టీ తాగే పది నిమిషాలు అరగంట అయ్యాయి. "ఏమండీ" కాస్తా "ఏం మాస్టరూ" అయింది. ఒకరోజు అతని ముక్కు మీది పిండి చూసి, ఆవుదూడ మూతిలా ఉందని రుమాలు ఇచ్చింది. ఆ రుమాలు ఉతికి తిరిగివ్వడం అతను కావాలనే మర్చిపోయాడు.

గురువారం అయిదో కేకు. పిండి కలుపుతుండగానే ఇదీ చెడుతుందని అతని చేతికి తెలిసిపోయింది. గోడ గడియారం ఏడు చూపిస్తోంది. పక్కనే గిన్నెలో మెత్తటి వెన్న. తన చేతికి చేతకాలేదని ఆమెతో ఏ మొహంతో చెప్పడం? కాస్త వేస్తే ఎవరికి తెలుస్తుంది? ఒక చెంచా వేశాడు. ఇంకొకటి. మొత్తం నాలుగు వేశాడు.

కేకు దూదిపింజలా వచ్చింది.

డాక్టరమ్మ మొదటి ముక్క తిని బిత్తరపోయింది. "మాస్టరూ! ఇదేం మాయ? ఇందులో నిజంగా ఏమీ లేదా?"

"లేదు," అన్నాడతను, ఆమె కళ్ళలోకి చూసి నవ్వుతూ.

"ఇంకో ముక్క పెట్టండి." పెట్టాడు. ఆమె చిన్నపిల్లలా వేళ్ళు నాకింది. తర్వాత నెమ్మదిగా కుర్చీ ముందుకి జరుపుకుంది. "మాటిచ్చాను కదా, చెప్తాను. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

మాస్టరు చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"నా మొదటి ఉద్యోగం ఒక పెద్ద డెయిరీ ఫారంలో. మూడువందల ఆవులు. ఈనిన రెండోరోజే దూడని తల్లి దగ్గర్నుంచి తీసేసేవాళ్ళు. మగదూడైతే పాలివ్వదు కదా, బండెక్కించి పంపేసేవాళ్ళు. ఎక్కడికని ఎవరూ అడగరు. పంపొచ్చని కాగితం మీద సంతకం పెట్టేదాన్ని నేను. ఒకరోజు ఒక దూడ నడవలేకపోతే నేనే ఎత్తుకుని బండిదాకా మోశాను. మర్నాడు అదే కోటు వేసుకుని షెడ్డులోకి వెళ్ళాను. దాని తల్లి నా చెయ్యి నాకడం మొదలుపెట్టింది. నేనంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయాను మాస్టరూ! మణికట్టు నుంచి భుజందాకా వదలకుండా నాకింది. ఏదో చప్పుడైతే కిందికి చూశాను. పాలు. ఎవరూ పితకలేదు, మిషను పెట్టలేదు. ధారలుగా నేల మీద కారిపోతున్నాయి."

ఆమె తన మణికట్టు తడుముకుంది.

"నా కోటుకి అంటుకున్న దూడ వాసనకి అది పాలు చేపింది. బిడ్డ వచ్చిందనుకుంది."

మాస్టరు చేతులు మళ్ళీ తుడుచుకున్నాడు. వేలికి ఇంకా వెన్న జిడ్డు తగులుతోంది.

"ఆ సాయంత్రమే ఉద్యోగం మానేశాను. అయిదేళ్ళయింది, మళ్ళీ పాలచుక్క గొంతు దిగలేదు. ఇవాళ మీ కేకు తింటుంటే భయం వేసింది తెలుసా? అచ్చం వెన్నలాగే ఉంది." ఆమె నవ్వింది. "మీకు చాలా థాంక్స్. అమ్మమ్మకి నాలుగు ముక్కలు కట్టివ్వండి, ఇంట్లో ఇచ్చే ఆస్పత్రికి వెళ్తాను."

అతని చేతులు ముక్కలు కట్టాయి. నోరు మాత్రం పెగల్లేదు. ఆమె వెళ్ళిపోయాక మైదా బస్తా మీద కూలబడ్డాడు.

"ఏమైందిరా? దెయ్యం పట్టినవాడిలా ఉన్నావ్?" అంది తల్లి.

చెప్పాడు. ఆవిడ నోటిమీద చెయ్యి వేసుకుని కొడుకుని చూసింది. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టినా ఆవిడ అలా చూడలేదు.

"మనం చేసిందాన్ని జనం నమ్మి నోట్లో పెట్టుకుంటార్రా. అంతకన్నా ఏముంది మన దగ్గర? లే. ఇప్పుడే వెళ్ళు."

గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళాడు. పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక కుక్క కాలికి కట్టు కడుతోంది. అతన్ని చూసి ముఖమంతా వెలిగింది.

"ఇదేంటి, ఇలా తడిసి ముద్దయ్యారు?"

"కేకులో వెన్న వేశాను." ఆగితే మళ్ళీ చెప్పలేనని ఒక్క గుక్కలో అనేశాడు. "నాలుగు చెంచాలు. తెలిసే వేశాను. నాకు చేతకాలేదని ఒప్పుకోలేక వేశాను."

కట్టుగుడ్డ చుట్ట ఆమె చేతిలోంచి జారి గది చివరిదాకా దొర్లిపోయింది. ఆమె ముఖం పాలిపోయింది. నెమ్మదిగా కుక్కని కిందికి దించి, కుళాయి తిప్పి నోరు పుక్కిలించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అతను గోడవారగా నిలబడ్డాడు.

"పొరపాటున కలిసిందంటే నాకు కోపమే వచ్చేది కాదు," అంది చివరికి, అటువైపు తిరిగే. "నేను ఇంకో ముక్క అడిగితే నవ్వుతూ పెట్టారు. ఆ తర్వాత ఆ ఆవు సంగతి చెప్పించుకున్నారు. అదంతా విన్నాక కూడా నాలుగు ముక్కలు కట్టిచ్చారు."

మాస్టరు వంగి కట్టుగుడ్డ చుట్ట ఏరి బల్ల మీద పెట్టాడు.

"కేకు వద్దు. వెళ్ళండి మాస్టరుగారూ."

'గారు' అనే మాట అంత గట్టిగా తగులుతుందని అతనికి ఆ రోజే తెలిసింది.

మర్నాడు ఎనిమిదింటికి ఆమె రాలేదు. ఆమె బదులు తెల్లజుట్టు ముడివేసుకున్న ఒక ముసలావిడ, వెనకాల కొండలాంటి మనిషి ఒకాయన వచ్చారు.

"వెన్న వేసిన మొనగాడివి నువ్వేనా?" అంది ముసలావిడ.

మాస్టరు తలొంచుకున్నాడు. "డాక్టరుగారు చెప్పారాండీ?"

"అది చెప్పేదేంటి? మొదటి ముక్కలోనే కనిపెట్టాను. నలభై ఏళ్ళు హాస్టల్లో వండాను నేను. నా నాలుకకి గంతలు కడతావా?"

మాస్టరు, తల్లి ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"మరి... ఆ అమ్మాయికి ఎందుకు చెప్పలేదమ్మా?" తల్లి అడిగింది.

"వీడు చెప్తాడో లేదో చూద్దామని. సాయంత్రందాకా గడువు పెట్టుకున్నా. రెండు గంటలు తిరక్కుండానే వానలో పరిగెత్తాడట." అమ్మమ్మ చీరకొంగు నడుముకి దోపింది. "తప్పు చేశావు, తిట్లు తిన్నావు. అది నిన్ను క్షమిస్తుందా లేదా అన్నది దాని ఇష్టం. నేను సిఫారసు చెయ్యను. కాని ఎల్లుండి నా పెళ్ళి. నాకు కేకు కావాలి. పద వంటగదిలోకి."

ఆ రెండు రోజులూ మాస్టరు మళ్ళీ శిష్యుడయ్యాడు. "నువ్వు వెన్న లేదే అని ఏడుస్తూ చేస్తున్నావు," అంది అమ్మమ్మ. "లేనిదానికోసం ఏడవకు. ఉన్నదేంటో చూడు." శనగలు ఉడికించిన నీళ్ళు గిన్నెలో పోయించింది. ఆ కొండలాంటి పెళ్ళికొడుకు చొక్కా చేతులు మడిచి ఆ నీళ్ళు గిలకొట్టడం మొదలుపెట్టాడు. పావుగంటకి అవి తెల్లగా నురగలెత్తి, గిన్నె బోర్లించినా జారనంత గట్టిపడ్డాయి. మాస్టరు నోరు తెరుచుకుని చూశాడు. శనగనీళ్ళు ఇంత పని చేస్తాయని పన్నెండేళ్ళ అనుభవంలో అతనికి తెలియదు.

"ఈ చేతులకి ఇలాంటి పనే కావాలని ఎప్పట్నుంచో ఉండేది నాయనా," అన్నాడు పెద్దాయన సిగ్గుపడుతూ.

ఆదివారం ఉదయం పెళ్ళి. ఒక అపార్టుమెంటు కింది హాలు, నలభై కుర్చీలు, గుమ్మం దగ్గర తడి గొడుగులు. వధూవరులు సంతకాలు పెట్టి, ఒకరికొకరు దండలు వేసుకున్నారు. కొత్త పెళ్ళికొడుకు ఏడ్చేశాడు. అమ్మమ్మ కొంగుతో ఆయన ముక్కు తుడిచింది. కేకు కోశారు. జనం రెండోసారి, మూడోసారి కూడా వచ్చి పెట్టించుకున్నారు.

డాక్టరమ్మ మాత్రం దూరంగా కిటికీ దగ్గర కూర్చుంది. మాస్టరు పళ్ళెం పట్టుకుని వెళ్ళాడు.

"తినమని అడగడానికి రాలేదు. ఇందులో ఏముందో చెప్పడానికి వచ్చాను. మైదా, చక్కెర, నువ్వులనూనె, శనగనీళ్ళు, నిమ్మరసం, బేకింగ్ సోడా. కావాలంటే మీ అమ్మమ్మగారిని అడగండి. పక్కనే కూర్చుని చేయించారు."

"అంతేనా?"

"అంతే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. అతను నవ్వలేదు, చూపు తిప్పుకోలేదు. అమ్మమ్మని పిలవబోయినట్టు ఆమె ఒకసారి అటు తిరిగింది. మళ్ళీ ఏమనుకుందో, పిలవకుండానే ముక్క తీసి నోట్లో పెట్టుకుంది.

మాస్టరుకి కళ్ళు చెమర్చాయి.

"బావుంది," అంది మెల్లగా. ముక్కంతా తిని, "మీరూ పాలు మానేశారని ఇందాక మీ అమ్మగారు చెప్పారు. నాకోసమైతే ఇప్పుడే చెప్పండి, లేచిపోతాను. నాకోసం మానినవాళ్ళు నాతో గొడవపడ్డ రోజున మళ్ళీ మొదలుపెడతారు."

"మీకోసం కాదు. పాలు కాచడానికి గిన్నె పెట్టానంటే, నేల మీద కారిన ఆ పాలే గుర్తొస్తున్నాయి. అయినా పూర్తిగా మానలేదు. నిన్న అలవాటుకొద్దీ ఒక టీ తాగేశాను. కొట్లో వెన్న కేకు కూడా ఇంకా ఉంది. అది ఎప్పటికి మానగలనో, అసలు మానగలనో లేదో తెలీదు. అన్నీ వదిలేశానని చెప్పి మీ దగ్గర మార్కులు కొట్టెయ్యాలని మాత్రం లేదు." అతను పళ్ళెం రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీరంటే ఇష్టం. రెండు నెలలుగా. అదొక్కటే ఇంకా చెప్పకుండా దాచుకున్నది. ఇప్పుడు ఆ దాపరికమూ లేదు."

డాక్టరమ్మ బుగ్గలు కందిపోయాయి. కిటికీలోంచి జల్లు పడి పళ్ళెం తడుస్తోంది. ఇద్దరిలో ఎవరూ జరగలేదు.

"మాస్టరూ," అంది చివరికి. 'గారు' లేదు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

మాస్టరు చేతిలోని పళ్ళెం ఠంగుమని నేల మీద పడింది. హాలంతా ఇటు తిరిగింది. అతను నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

హాలు అవతలి కొసనుంచి తల్లి కుర్చీలన్నీ తోసుకుంటూ వచ్చి, వీపు మీద ఒక్కటి చరిచింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావురా? ఊఁ అనరా!"

"ఊఁ," అన్నాడు మాస్టరు.