తొలిచూపుకు అద్దం

ఎమ్మిగనూరు కాలవలో తేలిన శవం గోళ్ళలో ఎర్రరంగు ఇంకా పోలేదు. చిత్రకారుడు దేవప్ప. కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు.

"జారలేదు, తోశారు," అన్నాడు చీఫ్ సీతారామారావు. "రేపు బళ్ళారిలో అతని ఎగ్జిబిషన్. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయింది కదా, పద్దెనిమిది వందల యాభై ఏడు యుద్ధం మీద బొమ్మలు. ఓపెనింగ్ శివరామకృష్ణయ్యగారు."

ఏజెంట్ పంపాపతి నిటారుగా కూర్చున్నాడు. శివరామకృష్ణయ్య అంటే సండూరు ఇనుముతో యుద్ధ ట్యాంకులకు కొత్త కవచం కనిపెట్టిన సైంటిస్టు. ఫార్ములా ఇంకా ఆయన బుర్రలోనే ఉంది.

"విదేశీ ముఠా ఆయన్ని అక్కడే లేపేయాలని చూస్తోంది. ఎలాగో తెలీదు. లోపల మన మనిషి ఉంది, ఇంద్రసేన. దేవప్ప శిష్యురాలిగా చేరింది. కోడ్ మరిచిపోకు."

మర్నాడు హాల్లోకి తలకు రుమాలు, తెల్లమీసం పెట్టుకున్న ఒక ముసలి రైతు వచ్చాడు. చేతిలో తాంబూలం డబ్బా. మూత లోపల అద్దం, అడుగున ట్రాన్స్‌మిటర్. గోడల మీద గుర్రాలు సకిలిస్తున్నట్టే ఉన్నాయి. ఫిరంగి పొగ కళ్ళు మండిస్తుందేమో అనిపించింది పంపాపతికి.

"కాలవకు నీళ్ళొచ్చినాయా తల్లీ?"

నైలాన్ చీర, స్లీవ్‌లెస్ జాకెట్టు. ఇంద్రసేన తల తిప్పలేదు. "చివరి మడికి ఇంకా రాలేదప్పా." గొంతు తగ్గించింది. "బాంబు స్టేజీ కింద ఉండాది."

ఉంది. పంపాపతి వైరు తెంపాడు. మరీ సులువుగా తెగింది. అదే నచ్చలేదు అతనికి.

పైన మైకులో ఇంద్రసేన. "ఈ గుర్రపు సిపాయికి కళ్ళు పెట్టకుండానే గురువుగారు పోయినారు. ఆ కళ్ళు ఇప్పుడు అయ్యగారు పెడతారు."

చప్పట్లు. సైంటిస్టు చేతికి కుంచె ఇచ్చి, ఆమె మెల్లగా తలుపు వైపు జరిగింది.

పంపాపతి కుంచె వైపు చూశాడు. దేవప్ప తోలుబొమ్మలాడించే ఇంట పుట్టినవాడు. ఆ ఇళ్ళల్లో బొమ్మకు కళ్ళు చివరకే పెడతారు. పెట్టేటప్పుడు ఎదురుగా అద్దం పడతారు, తొలిచూపు మనిషి మీద పడకూడదని. తన ఊరు హచ్చొళ్ళిలో చిన్నప్పుడు పంపాపతి ఎన్నిసార్లు చూశాడో.

"అద్దం యాడమ్మా?" అన్నాడు గట్టిగా.

"అద్దమెందుకప్పా? మీసం సరిచేసుకోనీకా?"

హాలంతా నవ్వింది. పంపాపతి నవ్వలేదు. దేవప్ప శిష్యురాలు అడగాల్సిన ప్రశ్న కాదది.

కుంచె కంటికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఒక్క దూకు దూకి సైంటిస్టు మణికట్టు పట్టుకున్నాడు. నల్లరంగు బొట్టు ఆయన చెప్పు మీద పడింది. ఇంద్రసేన వానిటీ బ్యాగులోంచి పిస్టల్ తీసింది. పంపాపతి డబ్బా మూత తెరిచి స్టేజీలైటు వెలుగును ఆమె కళ్ళలోకి కొట్టాడు. గుండు పైకప్పుకు తగిలింది. మఫ్టీ పోలీసులు ఆమెను పట్టుకున్నారు.

కాన్వాసు వెనక, కంటిచోట, కాగితమంత పలచని స్విచ్. ఫ్రేము నిండా పేలుడు మందు. స్టేజీ కింద ఆమె చూపించింది ఉత్త ఎర.

అంతా తీసేశాక, పంపాపతి డబ్బా అద్దం పట్టుకుంటే, శివరామకృష్ణయ్యగారే సిపాయికి కళ్ళు పెట్టారు. గుర్రం ఇక ఆగేట్టు లేదు.

రాత్రి ఫోన్లో చీఫ్ అడిగాడు. "తొలిచూపులోనే కనిపెట్టేశావా ఆమెను?"

"లేదు సార్. తొలిచూపుకు మనిద్దరమూ పడినాం. అద్దమొకటే పడలేదు."