ఎర్రదారం పడ్డ మంగళవారం

"అయ్యో! ఆపండి! అది చింకిగుడ్డ కాదండీ, మంగళవారం!"

మిషను మెకానిక్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచేసి తలెత్తాడు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. భుజాన బ్యాగు, మెడలో ఆస్పత్రి ల్యాబ్ కార్డు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. రెండోది విప్పే ఓపిక లేక అలాగే లోపలికి వచ్చేసింది.

"మంగళవారమా?" అన్నాడతను అయోమయంగా. "ఇవాళ శుక్రవారం కదండీ?"

"మీకు శుక్రవారమే. మీ చేతిలో ఉన్నది మాత్రం నా మంగళవారం."

అతను చేతిలోకి చూసుకున్నాడు. జానెడు చదరం గుడ్డ. లేత నీలం మీద చిన్న చిన్న తెల్ల పూలు. గంటసేపు కూర్చుని, పాత నల్ల మిషను విప్పి, దుమ్ము దులిపి, నూనె వేసి, బిగించి, కుట్టు సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని పక్కన బుట్టలోంచి చేతికందిన గుడ్డముక్క తీశాడు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి మూడు గీతలు లాగించేశాడు. అదీ ఎర్రదారంతో. తప్పు ఎక్కడుందో ఎర్రదారంలో అయితే ఇట్టే కనపడుతుంది. వాళ్ల వృత్తిలో అదో అలవాటు.

ఇప్పుడు తప్పు ఇట్టే కనపడుతోంది.

"నాయనమ్మా, నువ్వైనా చెప్పొద్దూ?" అంది అమ్మాయి, కిటికీ పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడతో.

"నేను కళ్లు మూసుకుని వింటున్నానే. మిషను చప్పుడు మళ్లీ ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోతున్నాను. కుర్రాడు ఏం కుడుతున్నాడో నాకేం తెలుసు?"

మెకానిక్ ఆ ముక్కని వెనక్కి తిప్పాడు. మూలన పెన్సిలుతో తేదీ, పక్కన 'మంగళ' అని ఉంది. అప్పుడు చూశాడు సరిగ్గా. రెండు పొరల గుడ్డ, మధ్యలో పల్చగా దూది, వాటిని కలిపి పట్టుకుంటూ వరసలు వరసలుగా చేతికుట్టు. గింజల్లాంటి కుట్లు. పదిహేనేళ్లుగా మిషన్ల ముందు కూర్చుంటున్నవాడు, కుట్టు చూసి అబద్ధం చెప్పలేడు.

"ఇది చేత్తో కుట్టారా? మిషను మీద కుట్టిందే అనుకున్నానండీ!"

"పొగిడితే మంగళవారం తిరిగి రాదు."

"విప్పేస్తాను. పది నిమిషాల పని."

"వద్దు. విప్పితే సూది బెజ్జాలు ఉండిపోతాయి. అలా పెట్టెయ్యండి." ఆమె రెండో చెప్పు విప్పి, వంగి ముక్క అందుకుంది. ఎర్రగీతల మీద వేలు పెట్టి నిమిరింది. "గీతలు మాత్రం తిన్నగానే వచ్చాయి," అంది, ఒప్పుకోలేక ఒప్పుకుంటున్నట్టు.

అతను మెట్లు దిగుతుంటే పైనుంచి మిషను చప్పుడు వినిపించింది. రిపేరు సరిగ్గా చేశానో లేదో చూసుకుంటోంది కాబోలు అనుకున్నాడు. ఎందుకో మెట్లన్నీ దిగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు.

మరుసటి శుక్రవారం ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

"సర్వీసింగ్ అండీ. రిపేరు చేశాక వారానికోసారి చూడాలి."

"ఎన్ని వారాలు?"

"మిషను బట్టి ఉంటుంది."

మూడో శుక్రవారం నాయనమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "బాబూ, ఆ మిషనుకి పోసినంత నూనె నా తలకి ఈ వయసు దాకా నేను పెట్టుకోలేదు. కాఫీ తాగుతావా, లేకపోతే ఇంకో చుక్క పోస్తావా?"

కాఫీ తాగాడు. తాగుతూ ఆ అమ్మాయిని చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కిటికీ కింద చాప మీద కూర్చుంది. సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి అంగుస్తానా తొడుక్కుని సూదిలో దారం ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది. ఆ పైన ఇరవై నిమిషాలు లోకం ఏమైపోయినా ఆమెకి పట్టదు. సూది గుడ్డలో మునిగి తేలుతూ, మునిగి తేలుతూ ఆ అంచుకి చేరింది. దారం తుంచి, వెనక తేదీ రాసి, ముక్కని బుట్టలో వేసింది. అంతే.

"ఇంకోటి కుట్టరా? ఇంకా వెలుతురు ఉందిగా?"

"రోజుకి ఒక్కటే. రెండు కాదు, సున్నా కాదు."

"ఎందుకని?"

"ఒకసారి సెలవు దొరికిందని హుషారుగా పదిహేను కుట్టాను. తర్వాత ఆరునెలలు సూది మొహం చూడలేదు. ఒక్కటంటే ఒళ్లు అలసిపోయిన రోజు కూడా చేతనవుతుంది."

"రోజంతా మనుషులకి సూదులు గుచ్చి వచ్చి, మళ్లీ సాయంత్రం సూదేనా?"

"గుడ్డలు అరవవు కదండీ. మీరు అరుస్తారా?"

"నాకు రక్తపరీక్ష అంటే చీటీ చూస్తేనే కళ్లు తిరుగుతాయి."

ఆమె పకపకా నవ్వింది. అతని చేతిలో కప్పు ఒరిగి కాఫీ చొక్కా మీద పడింది. నాయనమ్మ చూసీ చూడనట్టు బీరువా తలుపు తెరిచి ఒక బొంత బయటికి తీసింది.

"ఇది నాకు కుట్టింది బాబూ. దీన్ని కప్పుకుంటే మోకాళ్ల నొప్పులు నావి కానట్టే ఉంటాయి. తమ్ముడు హాస్టలుకి వెళ్తుంటే ఒకటి కుట్టింది. వాళ్ల ల్యాబులో ఒకావిడకి పాప పుడితే చిన్నది ఒకటి. ఇప్పుడు కుడుతున్నదే పెద్ద బొంత. పది ముక్కల వరసలు పన్నెండు."

"ఎవరికండీ?"

"అడిగితే చెప్పదు. ఒక్కరికి ఎక్కువ, ముగ్గురికి చాలదు. లెక్క నువ్వే చూసుకో."

"నాయనమ్మా!" అంది అమ్మాయి. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మెకానిక్‌కి ఇంట్లో ఒక పేరుంది. సగం. అక్క పెట్టింది. అక్క వాళ్లింటి వెనక గదిలో అతనుంటాడు. ఆ గదిలో గోడకి సగం వరకే ఆకుపచ్చ రంగు ఉంటుంది. మూల గిటారుకి రెండే తీగెలు. సగం చదివి బోర్లా పెట్టిన పుస్తకాలు నాలుగు. ఊరందరి మిషన్లూ బాగుచేస్తాడు గానీ సొంత పని ఒక్కటీ చివరి దాకా లాగింది లేదు. అందుకేనేమో, రోజుకొక్క ముక్క చొప్పున బొంతలకి బొంతలే పూర్తిచేసిన ఆ మనిషిని చూస్తే అతనికి భక్తి లాంటిది కలిగింది. అది భక్తి ఒక్కటే కాదని తేలడానికి రెండు నెలలు పట్టింది.

ఒక శుక్రవారం నూనెడబ్బా కింద పెట్టి చెప్పేశాడు. "ఈ మిషనుకి ఏ జబ్బూ లేదండీ. మొదటి రోజే బాగైపోయింది."

"తెలుసు," అంది ఆమె సూది ఆపకుండా.

"మీకోసం వస్తున్నాను. మీరంటే నాకు... చాలా ఇష్టం."

సూది ఆగింది. ఆమె దాన్ని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. తర్వాత లేచి, అట్టపెట్టెలోంచి కొన్ని గుడ్డలు, దారపు ఉండ, సూది తీసి అతని ముందు పెట్టింది.

"ముప్ఫై ముక్కలు. రోజుకొకటి. చేత్తో. ముప్ఫయ్యో రోజున తీసుకురండి, అప్పుడు జవాబు చెప్తాను."

"అంతేనా? రాసిపెట్టుకోండి, ముప్ఫై రోజుల్లో ఇక్కడుంటాను."

మొదటి వారం ఉత్సాహంగా గడిచింది. తొమ్మిదో రోజు వరకు లాగించాడు. పదో రోజు బట్టల ఫ్యాక్టరీ నుంచి మిషన్ల లోడు వచ్చింది. పదకొండో రోజు క్రికెట్ మ్యాచి. పన్నెండు నుంచీ 'రేపు రెండు కుడితే సరి' అనుకుంటూ పోయాడు. ఆ రెండు ఇరవై ఒకటయ్యాయి. చివరి ఆదివారం పొద్దున్నే గది తలుపు మూసుకుని కూర్చుని, సాయంత్రానికి ఇరవై ఒక్కటీ పూర్తిచేశాడు. వెనక తేదీలు కూడా వరసగా వేసి, ఆ రాత్రే తీసుకెళ్లాడు.

ఆమె ముక్కలు తీసుకుని చాప మీద పరిచింది. వెనక తిప్పలేదు. కుట్టు మాత్రమే చూస్తూ రెండు కుప్పలు పెట్టింది.

"ఈ తొమ్మిదీ తొమ్మిది రోజులవి. చూడండి, మొదటిదానిలో కుట్లు బారెడు బారెడున్నాయి. నాలుగోదానిలో భయపడుతూ కుట్టారు. ఎనిమిదోదానికి చెయ్యి కుదురుకుంది. రోజుకో రకంగా ఉంది చెయ్యి." రెండో కుప్ప మీద అరచెయ్యి ఆనించింది. "ఈ ఇరవై ఒక్కటీ ఒకటే చెయ్యి. పోనుపోను అలిసిపోయి కుడివైపుకి వాలిపోయింది, అంతే. ఎప్పుడు కుట్టారు? ఇవాళేనా?"

అతను తలూపాడు.

"నేను ముప్ఫై రోజులు ఇమ్మన్నాను. మీరు ఒక ఆదివారాన్ని ఇరవై ఒక్క ముక్కలు చేసి తెచ్చారు. పైగా తేదీలు కూడా వేశారు."

"తొమ్మిదైనా నిజమే కదండీ..."

"తొమ్మిదికి జవాబు ఎక్కడి నుంచి తేను?" ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి దెబ్బలా తగిలింది. "మిషను బాగానే ఉంది. ఇక సర్వీసింగ్ అక్కర్లేదండీ."

ఇంటికొచ్చి అక్కతో చెప్పాడు. అక్క బట్టలు మడతపెడుతూ వింది.

"ఒరేయ్, ఆ పిల్ల నిన్నేమీ కొండ ఎక్కమనలేదు. ఇరవై నిమిషాలు కూర్చోమంది. అదీ చేతకాక దొంగ తేదీలా?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేంట్రా, సగం? సూదేమైనా విరిగిపోయిందా?"

విరగలేదు.

మర్నాటి నుంచి తన రిపేరు షాపు షట్టరు ఎత్తక ముందు, తాళంచెవి జేబులో పెట్టుకుని, గుమ్మం మెట్టు మీద కూర్చుని కుట్టాడు. ఎదురు షాపు బార్బరు మొదట నవ్వాడు. వారం తర్వాత, "ఇవాళ లేటయ్యావే?" అని అడగడం మొదలుపెట్టాడు. శుక్రవారాలు కష్టంగా గడిచాయి. అటు వైపు వెళ్లే వీధి కూడా మార్చుకున్నాడు. ఇరవయ్యో రోజు ఊరికే కూర్చోలేక, గోడకి మిగిలిన సగం రంగు కూడా వేసేశాడు. అక్క తలుపు దగ్గర నిలబడి, గోడని పైనుంచి కిందికి చూసి, మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ముప్ఫయ్యో రోజు సాయంత్రం బయల్దేరేసరికి వాన. సన్నగా మొదలై, సగం దారిలో ఆడిపోసుకుంటున్నట్టు కురిసింది. ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చొక్కా లోపల గుండెకానించి పెట్టుకుని నడిచాడు. ఆమె తలుపు తీసేసరికి అతని జుట్టు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కవర్ లోపల ముక్కలు మాత్రం పొడిగా ఉన్నాయి.

ఆమె తువ్వాలు ఇచ్చి, ముక్కలు తీసుకుంది. ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.

"ఈ రోజు చెయ్యి వణికింది. జ్వరమా?"

"అవునండీ. నూట ఒకటి."

"ఈ రోజు ఎవరో నవ్వించారు. కుట్టు గంతులేసింది."

"ఎదురు బార్బరు. తనకీ సూది ఇమ్మన్నాడు."

"ఇక్కడ ఏడ్చారా?"

"అది ఆదివారం, ఇంట్లో కుట్టాను. అక్క ఉల్లిపాయలు కోస్తోందండీ, పక్కనే. ఒట్టు."

పద్దెనిమిదోది చేతిలోకి రాగానే ఆమె ఆగింది. దాని మీద ఒక్క కుట్టు లేదు. కత్తిరించిన గుడ్డ అలాగే ఉంది. వెనక తేదీ మాత్రం ఉంది.

"ఇది?"

"ఆ రోజు కుట్టలేదండీ. ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్తే ఇంటికొచ్చేసరికి ఒళ్లు తెలీకుండా నిద్రపట్టేసింది. మర్నాడు రెండు కుట్టొచ్చు. కానీ మీకు తెలిసిపోతుంది." తడబడ్డాడు. "తెలియకపోయినా, కుట్టబుద్ధి కాలేదు. అందుకే ఇరవై తొమ్మిదే. జవాబు చెప్పకపోయినా పర్వాలేదు. ఇవి నిజమని చూపిస్తే చాలనిపించింది."

ఆమె ఆ ఖాళీ ముక్కనే చాలాసేపు చూసింది. మిగతా వేటినీ అంతసేపు చూడలేదు. తర్వాత లేచి, లోపలి గదిలోంచి పెద్ద బొంత మోసుకొచ్చి చాప మీద విప్పింది.

తొమ్మిది వరసలు పూర్తయ్యాయి. కింద మూడు వరసలకి చోటు కావాలనే ఖాళీగా వదిలినట్టు ఉంది. ముప్ఫై ముక్కలకి సరిపోయే చోటు.

అతను మోకాళ్ల మీద కూర్చుని వరస వరసా చూశాడు. ఎన్ని సాయంత్రాలు! ఏ ఒక్క రోజూ పక్క రోజుని తోసెయ్యకుండా ఎంత బుద్ధిగా కూర్చున్నాయి! చూస్తూ చూస్తూ నడిమధ్యలో ఆగిపోయాడు. లేత నీలం ముక్క. చిన్న చిన్న తెల్ల పూలు. దాని మీద అడ్డంగా మూడు ఎర్రగీతలు.

"ఇది నేను పాడుచేసిన మంగళవారం!"

"నేను తీసెయ్యమన్నాను బాబూ," అంది నాయనమ్మ కుర్చీలోంచి. "నడిబొంతలో అదేం అందమే అంటే, వినిపించుకుంటేనా?"

"ఎప్పుడు కలిపారండీ దీన్ని?"

ఆమె బొంత అంచు సర్దుతూ తల వంచుకుంది. "మీరు మెట్లు దిగుతుంటే. మిషను ఎలా నడుస్తోందో చూడాలిగా. చేతికి మొదట అందింది అదే."

మెట్ల మీద విన్న చప్పుడు అతనికి ఇప్పుడు మళ్లీ వినిపించింది.

"మరి ముప్ఫై ముక్కలు ఎందుకు కుట్టించారు?"

"నా సంగతి నాకు తెలుసు. మీ సంగతి మీకు తెలియాలిగా!"

నాయనమ్మ గొంతు సవరించుకుంది. "అబ్బాయ్, ఆదివారం మీ అక్కని తీసుకురా. ఈ పిల్ల అమ్మానాన్నలు కూడా శనివారం రాత్రికల్లా ఊళ్లో దిగుతారు. నేను ఫోన్ చేసి చెప్తాను. మిషను చూపించాలని చెప్పకు, అసలు సంగతే చెప్పు."

అతను లేవబోయాడు. ఆమె అంగుస్తానా తీసి అతని వేలికి తొడిగింది. కాస్త బిగుతుగా ఉన్నా పట్టింది. సూదిలో దారం ఎక్కించి, ఆ ఖాళీ ముక్కని అతని ఒళ్లో పెట్టింది. దారం ఎర్రది.

"ఎక్కడికి?" అంది. "నేను ఇవాళ్టిది ఇంకా కుట్టలేదు. ఆ అంచు నుంచి నువ్వు మొదలుపెట్టు, ఈ అంచు నుంచి నేను వస్తాను. కూర్చో."

కూర్చున్నాడు.