నాలుగోసారి రీట్రై

దసరా వెళ్లి రెండు వారాలైనా కాలేదు, నల్లమలలో ఒక ఫారెస్ట్ వాచర్‌ను మంచె మీదే కాల్చి చంపారు. అతను కాపలా కాస్తున్న పులినీ చంపి, చర్మం ఒలిచి పట్టుకుపోయారు. ఆ మంచె ఎక్కడుందో నాగర్‌కర్నూల్ పులుల సర్వే ఆఫీసులోని ఒక్క ల్యాప్‌టాప్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ల్యాప్‌టాప్ లేచి వెళ్లి తుపాకీ పేల్చదు కదా! మధ్యలో ఎవరో మనిషి ఉన్నారు.

ఈ కబురు అందేసరికి ఏజెంట్ సాంసన్ గద్వాల బస్టాండులో మిర్చిబజ్జీ తింటున్నాడు. ఫోన్ చేసింది పెద్దమ్మ. సొంత పెద్దమ్మ కాదు, గూఢచారి శాఖ చీఫ్ తిరుపతమ్మ. మామూలు లైన్ మీద ఆమెతో అన్నీ పెళ్లి మాటలే. "చీర అంచు కలుస్తలేదు" అంటే ఇంటిదొంగ దొరికినట్టు. "పెండ్లోళ్లు" అంటే తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్లు. ఈసారి మాత్రం సెక్యూర్ లైన్, సూటిగా బ్రీఫింగ్.

"దసరాకు ముందు ఆ ల్యాప్‌టాప్‌ల హార్డ్ డిస్క్ పోయింది. వనపర్తిల కొత్తది ఏపిచ్చిండ్రు. డిస్క్ మార్చినంక అప్‌డేట్ ఎక్కుతలేదంట."

"అప్‌డేట్ ఎక్కకుంటే మెకానిక్‌ను పిలవాలె గని నేనెందుకు పెద్దమ్మా?"

"ఇయ్యాల్టికి నువ్వే మెకానిక్‌వు. ఇప్పుడు ఇంకో మంచె మీద, పిల్లలున్న పులి కాడ హనుమంతు ఒక్కడే కాపలా ఉన్నడు. ఆడ సెల్లు అందదు. మనిషిని పంపితే చేరెటాల్లకు తెల్లారుతది. తోలు కొనెటోడు సముద్రం అవతల ఉన్నడు, కాల్చెటోళ్లు ఈడనే తిరుగుతున్నరు. పొద్దుగూకేలోపు తేల్చు."

సాంసన్ చేతిలోని బజ్జీ పొట్లంలోకి జారింది. హనుమంతు అతనికి పరాయివాడు కాదు. ఒకప్పుడు అడవిలో దారి తప్పి, జ్వరంతో పడి ఉన్న సాంసన్‌ను భుజాన వేసుకుని మన్ననూరు దాకా మోసిన చెంచు మనిషి. దారి పొడుగునా తిట్టాడు, ఒక్కచోటా దించలేదు. ఆ మనిషికి ఏమైనా అయితే నేనేం మొహం పెట్టుకుని బతకాలి అనుకున్నాడు సాంసన్.

టూల్స్ సంచీ, మాసిన చొక్కా, చెవి మీద టెస్టర్. వేషం కుదిరింది. ఆ టెస్టర్ కరెంటు వైరుకు వెలగదు. డేటా పంపే దొంగ పరికరం దగ్గరికెళ్తే మాత్రం ఎర్రగా వెలుగుతుంది.

మొదటి అనుమానం వనపర్తి రిపేర్ షాపు శేఖర్ మీద. సర్వే ఆఫీసు పేరు ఎత్తగానే శేఖర్ మొహం తేలు కుట్టిన దొంగ మొహం అయింది.

"ఏం ఏసినవ్ దాంట్ల?"

"కొత్త డిస్కని చెప్పి వాడిన డిస్కు ఏసిన సార్. గంతే. మా అమ్మ తోడు, ఇంకేం చెయ్యలే!"

"మరి అప్‌డేట్ ఎందుకు ఎక్కుతలేదు?"

"నా కాడ ఉన్నప్పుడు ఎక్కింది సార్. పాత డిస్కును, మెషిన్‌ను లేపే బూట్ పార్టిషన్‌తో సహా కాపీ కొట్టిన. దసరాకు రెండు రోజుల ముందు ఇచ్చిపంపిన. మళ్ల ముట్టలే."

చిల్లర దొంగ ఏడుపు నిజంలాగే ఉంది. అయినా నమ్మలేదు. ఈ ఉద్యోగంలో నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఫోటోలు, దండలే మిగులుతాయి.

నాగర్‌కర్నూల్ ఆఫీసులో శైలజ ఎదురైంది. గద్వాల చీర, ఎర్రటి లిప్‌స్టిక్, చూపు తిప్పుకోలేని అందం. ఆఫీసు ఉద్యోగి వేషంలో, వేటగాళ్ల ముఠా లోపలికి శాఖ పంపిన ఏజెంట్ ఆమె. ముఠా ఆమెను తన మనిషి అనుకుంటోంది, శాఖ తన మనిషి అనుకుంటోంది. ఆమె ఏమనుకుంటోందో అడిగినవాళ్లు లేరు.

"వచ్చిండ్రా? దీంతోని మస్తు పరేషాన్ అవుతున్న. జర చూడుండ్రి, చాయ్ తెస్త" అంది.

పాత అప్‌డేట్ ఫైళ్లన్నీ తుడిచి, సాంసన్ రీట్రై నొక్కాడు. డౌన్‌లోడ్ అయింది. రీస్టార్ట్ అయింది. అంతా అయిపోయిందనుకునే సమయానికి, మార్పులు వెనక్కి తీసుకుంటున్నామని స్క్రీన్ చేతులెత్తేసింది. తేదీ, టైము తప్పుగా ఉన్నాయేమో చూసి సరిచేశాడు. మళ్లీ రీట్రై. మళ్లీ అదే పాట. జాగా ఖాళీ చేసి మూడోసారి నొక్కాడు. ల్యాప్‌టాప్‌లోని సర్వే మ్యాపులో హనుమంతు జాడ చెప్పే చుక్క, పులి చుక్క పక్కపక్కనే మెరుస్తున్నాయి. బయట ఎండ వాలుతోంది.

డౌన్‌లోడ్ నడుస్తుండగా డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాడు. డిస్క్‌లో బూట్ పార్టిషన్ లేదు! శేఖర్ కాపీ కొట్టానన్నాడు, ఎవరో చెరిపేశారు. అది లేకుండా మెషిన్ ఎలా లేస్తోంది? కనిపించని ఇంకో డిస్క్ ఏదో దీన్ని లేపుతోంది. అప్‌డేట్ మాత్రం ఈ డిస్క్‌లోనే వెతుక్కుని, దొరక్క వెనక్కి పోతోంది. రెండో డిస్క్ పట్టే చోటు ల్యాప్‌టాప్‌లో ఒక్కటే ఉంది, డీవీడీ డ్రైవ్ గూడు.

మెల్లగా కింది వైపు ఎత్తి చూశాడు. దసరా పూజలో ప్రతి స్క్రూకూ బొట్టు పెట్టారు. పసుపు మీద కుంకుమ, ఎండి పొడిబారి ఉంది. డీవీడీ స్క్రూ మీద బొట్టు మాత్రం మెరుస్తోంది. దాని చుట్టూ పసుపు లేదు. వేలితో రాస్తే పొడి రాలలేదు, జిడ్డుగా సాగింది. పూజ తర్వాత ఎవరో ఆ స్క్రూ విప్పారు. పోయిన బొట్టును చేతికి అందినదానితో దిద్దారు.

వేలికి అంటింది లిప్‌స్టిక్. తలెత్తి, అప్పుడే చాయ్ గ్లాసు తెచ్చిపెట్టి ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న శైలజ పెదాలు చూశాడు. అదే రంగు.

టెస్టర్ ఆ గూడు దగ్గర పెడితే ఎర్రగా వెలిగింది. సందట్లో సడేమియా అంటే ఇదే! అప్‌డేట్ ఫెయిలైన ప్రతిసారీ ఎవరో ఒకరు రీట్రై నొక్కుతారు, నెట్ ఎంత ఖర్చయినా ఎవరూ అడగరు. ఆ చాటున మ్యాపులోని చుక్కలు ముఠాకు పోతున్నాయి. అంటే ఈ మధ్యాహ్నం హనుమంతు జాడ మూడుసార్లు పంపింది తనే. యేసయ్యా, నా చేత్తో నేనే!

మూడోసారీ ఫెయిలైంది. గూడు విప్పి పీకేస్తే లాభం లేదు, వేటగాళ్లకు దారి ముందే తెలుసు. వాళ్లను మళ్లించాలి. హనుమంతు చుక్కను, పులి చుక్కను మౌస్‌తో పట్టి మన్ననూరు చెక్‌పోస్టు మీద పెట్టాడు. నాలుగోసారి రీట్రై నొక్కి ఫోన్ తీశాడు.

"పెద్దమ్మా, చీర అంచు కలుస్తలేదు. పెండ్లోళ్లు మన్ననూరు చెక్‌పోస్టుకు వస్తరు. మర్యాదలు జూడమను."

నోరు జారాక గుర్తొచ్చింది. శైలజ కూడా శాఖ మనిషే, ఈ కోడ్ ఆమెకూ తెలుసు!

అప్పటికే ఆమె చార్జర్ పీకేసింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"మూత మూయ్యి" అంది.

నీరసపు బ్యాటరీ ఎర్ర గుర్తు చూపిస్తోంది. గూడు పక్కన టెస్టర్ ఇంకా వెలుగుతోంది, అంటే చుక్కలు ఇంకా పోతూనే ఉన్నాయి. టైమ్ కావాలి.

"ఒక్క మాట చెప్పు అక్కా. ఒక మనిషి పానం పోయింది, ఇంకొకటి పోతది. ఎందుకు జేసినవ్?"

"రెండు పడవలల్ల కాళ్లు పెట్టమన్నది మీ శాఖనే గదా? ఏ పడవ గట్టిగుంటే దాంట్ల కూసున్న. మూత మూయ్యి!"

"మూస్తున్న, మూస్తున్న" అంటూ సాంసన్ చేతిని మూత మీద పెట్టాడు, కళ్లు టెస్టర్ మీద పెట్టాడు. పోవే తల్లీ, పో. టెస్టర్ ఆరింది. మరుక్షణం స్క్రీన్ నల్లబడింది. ఆమె కళ్లు అటు తిరగగానే వేడి చాయ్ గ్లాసు ఆమె చేతి మీద పడింది, పిస్టల్ బల్ల కిందికి జారింది. తర్వాతిది పోలీసు జీపు పని.

చుక్కలు ముఠాకు చేరాయా, లేదా? అది మాత్రం ఎవరూ చెప్పలేరు. సాంసన్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. చీకటి పడ్డాక ఫోన్ మోగింది.

"పెండ్లోళ్లు వచ్చిండ్రు బిడ్డా" అంది తిరుపతమ్మ. "అడ్డదారిల తుపాకులు ఏసుకొని చెక్‌పోస్టు వెనక తేలిండ్రు. మనోళ్లు మంచిగ కూసోబెట్టిండ్రు."

సాంసన్ తనివితీరా ఏడ్చాడు. గూఢచారులు ఏడవరని ఎవరన్నారో గానీ వాళ్లకు హనుమంతు తెలిసి ఉండడు.

రెండు రోజులకు హనుమంతు మన్ననూరు నుంచి ఎవరి ఫోనో అడిగి చేశాడు. గొంతులో మంట.

"తమ్మీ, ఏందిది అన్యాలం? నాకు మెమో ఇచ్చిండ్రు! డ్యూటీ ఇడిసిపెట్టి పొద్దుగూకంగ చెక్‌పోస్టు కాడ కూసున్ననంట. మ్యాపుల నా చుక్క గాడనే ఉన్నదంట. నేను మంచె దిగితే ఒట్టు! చాయ్ చుక్క సుత ముట్టలే!"

ఆపరేషన్ టాప్ సీక్రెట్. చెక్‌పోస్టులో పట్టుబడిన నలుగురు ఎవరి కోసం బయల్దేరారో హనుమంతుకు ఎప్పటికీ తెలియకూడదు.

"తప్పయింది, మళ్ల చెయ్య అని రాసియ్యే అన్నా" అన్నాడు సాంసన్. "మెమో బతికున్నోనికే ఇస్తరు."