దొంగకి లోను పుస్తకం దేనికి?

కుట్టు మిషను డ్రాయరులో పెట్టిన ఇరవై నాలుగు వేలు లేవు.

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. హెడ్ కానిస్టేబుల్ మూడంతస్తుల మెట్లు ఎక్కేసరికి మోకాళ్లు వడ్డీతో సహా వసూలు చేసుకున్నాయి. రిటైర్మెంటుకి ఇంకా ఏడు నెలలు.

"డబ్బు ఆఖరుసారి ఎప్పుడు చూశావమ్మా?"

"తొమ్మిదిన్నరకి సార్. గుండీలు, దారాలు కొనడానికి వెళ్లాను. పన్నెండుంబావుకి వచ్చి చూస్తే లేవు," అంది దర్జీ. "నిన్ననే సొసైటీలో లోను తీసుకున్నాం. అమ్మాయి స్కూలు ఫీజు. ఇవాళ నాలుగింటిలోగా కట్టకపోతే పేరు కొట్టేస్తామన్నారు."

"డ్రాయరుకి తాళం?"

"వేసినట్టే ఉంది. తాళంచెవి గోడ మేకుకే ఉంటుంది."

అంటే ఇంటి గుట్టు తెలిసినవాళ్లే. అలాంటి కేసులో దొంగ దొరికినా ఎవరికీ మిగిలేది ఉండదు. హెడ్డుకి అది ముప్పై ఏళ్ల అనుభవం.

"ఇంకేమైనా పోయిందా?"

"లోను పుస్తకం. డబ్బు దాంట్లోనే పెట్టాను."

దర్జీ మొగుడు గోడలకి రంగులు వేస్తాడు. చేతుల నిండా పసుపు రంగు.

"పేకాట ఆడతావటగా?"

"మానేసి నాలుగేళ్లయింది సార్. నమ్మేవాళ్లు మాత్రం ఇంకా పుట్టలేదు."

"పొద్దుటినుంచి ఎక్కడున్నావు?"

"నిచ్చెన మీద. కబురొస్తే ఇప్పుడే దిగొచ్చాను."

హెడ్డు మేస్త్రీకి ఫోన్ చేశాడు. నిజమేనన్నాడు.

దర్జీ అత్తగారు మంచినీళ్లు తెచ్చింది. తాగి కింద పెట్టబోతూ హెడ్డు గ్లాసును వెలుతురుకి తిప్పాడు. స్టీలు మీద నీలి మరక.

"నువ్వు ఇంట్లోనే ఉన్నావా పెద్దమ్మా?"

"ఈ మోకాళ్లతో ఎక్కడికి పోతాను నాయనా."

రెండూ పదికి హెడ్డు ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టాడు.

"దొంగకి నోట్లు కావాలి. లోను పుస్తకం దేనికి? ఏ అంగట్లోనూ చెల్లదు. అది పనికొచ్చేది సొసైటీ కౌంటర్లో ఒక్కచోటే. సంతకం రానివాళ్లు అక్కడ వేలిముద్ర వేయాలి. నీ కొడుకు చేతికున్నది పసుపు రంగు. గ్లాసుకి అంటింది నీలి సిరా. పెద్దమ్మా, బొటనవేలు చూపించు."

ముసలావిడ చెయ్యి దాచుకోలేదు. దిండు గలీబులోంచి పుస్తకం, రసీదు తీసి ఇచ్చింది. పదీ నలభైకి మొత్తం జమ.

"అత్తయ్యా, అప్పు తిరిగి కట్టేశారా?"

"మీ మామయ్య చేసిన అప్పుకి ఇల్లు పోయింది. సామాను వీధిలో పడేశారు. పిల్ల ఫీజు లేని బడికైనా పోతుంది. మీరు వీధిన పడితే ఎవరెత్తుతారు?"

"హమ్మయ్య, నేను కాదు," అని కొడుకు గొణిగాడు.

"అప్పటి వడ్డీ ఎంత?" అడిగాడు హెడ్డు.

"నెలకి నూటికి పది. ఎంత కట్టినా అసలు కదిలేది కాదు."

"ఇది నూటికి ఒకటి. పన్నెండు వాయిదాలు. నెలకి రెండు వేల రెండువందల నలభై." దర్జీ వైపు తిరిగాడు. "ఇల్లు గడవగా ఎంత మిగులుతుంది?"

"మూడు వేలు సార్."

"అయితే లెక్క తెగింది. పెద్దమ్మా, మా వాడి చదువూ ఇలాగే గట్టెక్కింది. ఆఖరి వాయిదా మొన్ననే కట్టాను. ఇల్లు అలాగే ఉంది. అరిగింది నేనే."

సొసైటీకి ఫోన్ చేశాడు. మూడింటికి కౌంటరు మూసేలోగా వస్తే జమ రద్దు చేస్తామన్నాడు మేనేజరు. కానీ ఇలా జరిగింది కాబట్టి ఇంట్లోంచి ఇంకొకరి హామీ కావాలన్నాడు.

ముసలావిడ పుస్తకం చేతిలోకి తీసుకుంది. లేచి చెప్పులు వేసుకుంది.

"పదండి. సిరా ఎలాగూ వదల్లేదు. కడగడం దండగ."

మూడూ నలభైకి స్కూలు క్లర్కు ఫీజు రసీదు మీద ముద్ర కొట్టాడు.

స్టేషనులో హెడ్డు రిపోర్టు రెండు ముక్కల్లో ముగించాడు: పోయిన సొమ్ము దొరికింది. హామీదారు కూడా.