ఎర్రగుర్రం పలుపు

లాయరు బెర్మెత్ ఆఫీసులో తిలెక్ కూర్చుని పది నిమిషాలు కాలేదు, అప్పుడే ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

"గుర్రం ఇచ్చేటప్పుడు కాగితం రాయించుకోలేదా?"

"పొరుగింటి శర్షెన్‌గారి భార్యకి ఒంట్లో బాగోలేదండీ. రోజూ కుమిస్ తాగితే కోలుకుంటుందన్నారు. పాలు పిండుకోండని మా అమ్మ గుర్రాన్నీ, దాని పిల్లనీ ఇచ్చింది. దానికి కాగితమేంటి?"

"ఆయనిప్పుడు ఆ గుర్రాన్ని కొనుక్కున్నానంటున్నాడు కదా, దానికి."

"మీది మా నరీన్ వైపు కాదు కదూ?"

"బిష్కెక్. ఏం?"

"ఏం లేదు. తెలిసిపోతోంది."

బెర్మెత్ పెన్ను టేబుల్ మీద పెట్టేసింది. తిలెక్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అతను ఈమె దగ్గరికి రావడానికి ఈమె పేరు ప్రఖ్యాతులేమీ కారణం కాదు. ఊళ్లో తక్కిన లాయర్లిద్దరూ శర్షెన్‌కి చుట్టాలు, అంతే.

తిలెక్ వాళ్లకున్నవి రెండే ఆడగుర్రాలు. అందులో ఒకటి ముసలిది. పాలిచ్చేది ఈ ఎర్రదే. చనిపోయిన తండ్రి తన చేత్తో పెంచిన గుర్రం. దాని పాలు పులియబెట్టి కుమిస్ చేసి, బస్సులు ఆగే చోట తల్లి సురాఖాన్ అమ్ముతుంది. ఈ వేసవికి గుర్రం తిరిగి రాకపోతే ఆమె అమ్మేందుకు ఏమీ ఉండదు.

శర్షెన్ తరఫు సాక్ష్యాల్లో ముఖ్యమైనది ఒక పలుపు. గుర్రం తలకు కట్టేది, తిలెక్ తండ్రి స్వయంగా అల్లింది. "గుర్రంతోపాటు ఇంత మంచి పలుపు కూడా ఇచ్చారంటే అమ్మినట్టే కదా" అని అవతలి లాయరు రాసిపెట్టాడు. శర్షెన్ తన చుట్టాల్ని కాదని పిలిపించుకున్న ఇతనిదీ బిష్కెకే.

ఫైల్లో ఆ పలుపు ఫోటో చూడగానే బెర్మెత్‌కి కేసు పోయినట్టే అనిపించింది. "కోర్టులో దీని ఊసెత్తకండి" అంది మొదటిరోజే.

ఆ తర్వాత మూడు వారాలు, మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి తిలెక్‌కి సాక్ష్యం చెప్పే పాఠాలు సాగాయి. బెర్మెత్ అవతలి లాయరులా నిలబడి ప్రశ్నలడిగేది. గుర్రం వయసెంత అంటే తిలెక్ దాని అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టేవాడు.

"అడిగినదానికే జవాబు చెప్పండి. అవును, కాదు. అంతకుమించి నోరెత్తొద్దు."

"అవును."

"నేనింకా ఏమీ అడగలేదు."

"కాదు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు తిలెక్ చూడనే చూశాడు.

ఒక శుక్రవారం వాన దంచి కొట్టింది. తిలెక్ ముద్దగా తడిసి వచ్చాడు. బెర్మెత్ తువ్వాలు ఇచ్చి, టీ పోసి, తనూ ఎదురుగా కూర్చుంది. ఆ రోజు పాఠం సరిగ్గా సాగలేదు.

"సాక్షి చూడాల్సింది జడ్జిగారి వైపు, లాయరు వైపు కాదు" అంది.

"జడ్జిగారు ఇక్కడ లేరు కదండీ."

"ఉన్నారనుకోండి."

"అనుకున్నాను. అయినా ఇటే చూడాలనిపిస్తోంది."

బెర్మెత్ కిటికీ మూయడానికి లేచింది. కిటికీ అప్పటికే మూసి ఉంది.

విచారణకు ముందురోజు తిలెక్‌తో పాటు సురాఖాన్ కూడా వచ్చింది. టేబుల్ మీద పలుపు ఫోటో చూసి ఒకటే నవ్వు.

"ఇది వాళ్ల సాక్ష్యమా అమ్మాయ్? అమ్మేవాళ్లు ఎవరన్నా పలుపిస్తారా? ఇస్తే ఇంట్లో కలిమంతా దాని వెంటే పోదూ? గుర్రాన్ని వేరే తాడుతో పంపి, పలుపు మనింట్లోనే ఉంచుకోవాలి. ఇది మళ్లీ మనింటికి రావాల్సిన గుర్రం కాబట్టి పలుపుతో సహా ఇచ్చాను."

బెర్మెత్ తిలెక్ వైపు తిరిగింది.

"మీకీ సంగతి తెలుసా?"

"అవును."

"మూడు వారాల్లో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"కాదు. అంటే, దీని ఊసెత్తొద్దన్నారు కదా. మీకు తెలిసే అన్నారనుకున్నాను."

బెర్మెత్ రెండు చేతులతో తల పట్టుకుంది. తిలెక్ మీద కోపం తెచ్చుకుందామని చూసింది కానీ రాలేదు. తప్పు తనదే. అవతలి లాయరు కూడా అదే తప్పు చేశాడన్నది ఒక్కటే ఊరట.

మర్నాడు కోర్టులో ఆమె శర్షెన్‌ని ఎక్కువ అడగలేదు.

"మీరు ఇప్పటిదాకా ఎన్ని గుర్రాలు అమ్మి ఉంటారు?"

"ముప్పై దాకా ఉంటాయి."

"ఎన్నిటికి పలుపు ఇచ్చి పంపారు?"

అవతలి లాయరు లేచి, ఈ ప్రశ్నకీ కేసుకీ సంబంధం లేదన్నాడు. జడ్జిగారిది మాత్రం నరీనే. "మీరు కూర్చోండి. జవాబు నాక్కావాలి" అన్నారావిడ.

"ఒక్కదానికీ ఇవ్వలేదు" అన్నాడు శర్షెన్.

"ఎందుకని?"

"ఇస్తే ఇంటి కలిమి పోతుంది."

"మరి సురాఖాన్‌గారు తన ఇంటి కలిమి మీకెందుకు ఇచ్చినట్టు?"

శర్షెన్ చెయ్యి చాపి, సాక్ష్యంగా టేబుల్ మీద పెట్టిన పలుపును తడిమాడు.

"మా ఆవిడ కోలుకోగానే ఇచ్చేద్దామనే అనుకున్నాను" అన్నాడు. "కోలుకుంది. ఇవ్వబుద్ధి కాలేదు. అలాంటి గుర్రం మళ్లీ దొరకదు."

గుర్రాన్నీ, పిల్లనీ వారంలోగా తిరిగి అప్పగించాలని తీర్పొచ్చింది. సురాఖాన్ ముందు బెర్మెత్‌ని కావలించుకుంది. తర్వాత శర్షెన్ దగ్గరికి వెళ్లి, మీ ఆవిడకి కుమిస్ మాత్రం పంపిస్తానని చెప్పి వచ్చింది.

ఆ పై మంగళవారం, అలవాటైన వేళకే, తిలెక్ ఆఫీసుకొచ్చాడు. చేతిలో పలుపుంది. గోడకున్న మేకుకి తగిలించి కూర్చున్నాడు.

"కేసు అయిపోయింది కదా" అంది బెర్మెత్.

"అవును."

"గుర్రం లేని పలుపు నాకెందుకు?"

తిలెక్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈసారి అవును, కాదు అంటే కుదరదు. పూర్తిగా చెప్పండి" అంది.

"అది మీ దగ్గరుంటే మళ్లీ రావడానికి నాకో సాకుంటుంది. మీరంటే నాకిష్టం. వానలో తడిసొచ్చిన రోజు నుంచీ. కాదు, మొదటిరోజు తగువు నుంచే. అమ్మకి చెప్పాను. ఉత్త చేతులతో వెళ్లకు, పలుపు పట్టుకెళ్లు అంది."

బెర్మెత్ లేచి, మేకుకున్న పలుపు తీసి, అతని చేతుల్లో పెట్టింది. తిలెక్ వెళ్లిపోవడానికి లేచాడు.

"ఇది ఇక్కడ వేలాడితే గుర్రానికేం కడతారు?" అంది. "తీసుకెళ్లండి. శనివారం బస్సుకి నేనే వస్తాను, మీ అమ్మగారిని చూడ్డానికి. తప్పకుండా వస్తానని కాగితం రాసివ్వమంటారా?"

తిలెక్ పలుపును భుజాన వేసుకున్నాడు.

"మనలో మనకి కాగితమేంటండీ?" అన్నాడు.