ఆరువందల కిలోమీటర్లు వెనక్కి

పాత కార్ల విడిభాగాలు వెతికిపెట్టడం నా పని. ఎవరికో యాభై ఏళ్ళనాటి బండి ఉంటుంది, దాని తలుపు పిడి విరుగుతుంది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడి ఉంటుంది. అప్పుడు నేను గుర్తొస్తాను. షెడ్లు, తుక్కు కొట్లు, చనిపోయిన మెకానిక్కుల ఇళ్ళ అటకలు గాలించి ఆ పిడి తెస్తాను. ధర అంటారా, దానికో పద్ధతంటూ లేదు. అడిగేవాడి కళ్ళలో ఆత్రం చూసి చెప్పడమే. ఇందులో నాకు సిగ్గేమీ లేదు.

మా ఆవిడ మాత్రం దీన్ని పనిగా ఒప్పుకోదు. తను నర్సు. స్కూటరు మీద ఇంటింటికీ తిరిగి, మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చి, ఇంజక్షన్లు ఇచ్చి వస్తుంది. "నేను మనుషుల్ని బాగుచేస్తాను, మీరు తుప్పుని ముద్దుచేస్తారు" అంటుంది.

బండి ఎంత దూరం తిరిగిందో చూపే పాత మీటరొకటి ఒక టైలరమ్మ దగ్గర దొరికింది. దానికోసం ఒక పళ్ళ డాక్టరు ఏడాదిగా నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆవిడ కుట్టు దుకాణం వెనక షెడ్డులో, గుడ్డముక్కలు కలిపి కుట్టిన ముసుగు కింద కారుంది. ఒంటిమీద గీత లేదు. డాష్‌బోర్డు లోంచి మీటరు విప్పి వెలుగులో చూశాను. తిరిగిన దూరం 20,412.

టైలరమ్మ బేరమాడలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, "అంకె మాత్రం కదపకండి" అంది.

"ఎందుకమ్మా?"

"మా ఆయన ఆ అంకె దగ్గరే పోయారు. బండికీ దెబ్బ లేదు, ఆయనకీ దెబ్బ లేదు. రోడ్డు పక్కన ఆపి, చక్రం పట్టుకుని కూర్చున్నట్టే ఉన్నారు. అక్కడ ఆగింది. ఆగనివ్వండి."

అలాగే అన్నాను. అనడానికేం పోయింది?

మా వ్యాపారంలో ఇరవై వేల లోపు తిరిగిన మీటరుకి రెట్టింపు పలుకుతుంది, లోపలి చక్రాల పళ్ళు అరగలేదని. నాలుగొందల పన్నెండు కిలోమీటర్లు ఎక్కువ తిరిగినందుకు సగం ధర వదులుకోవడం ఎవరివల్ల అవుతుంది? వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, నేను ఒక్కటే ఆడుతున్నాను. ఆ సాయంత్రమే అద్దం తీసి, సన్న పట్టకారుతో అంకెల చక్రాలు వెనక్కి తిప్పాను. చాలా బిగువుగా తిరిగాయి. 19,812 దగ్గర ఆపి, అద్దం బిగించి, అలమరలో పెట్టాను. డాక్టరు నెలాఖరుకి వస్తానన్నాడు.

మర్నాడు చూస్తే 19,855.

చక్రం వదులైందేమో అనుకున్నాను. మీటరుకి తీగ లేదు, కింద బండి లేదు, దానంతటది ఎలా తిరుగుతుంది? మళ్ళీ వెనక్కి తిప్పబోయాను. కదల్లేదు. పట్టకారు కొన విరిగింది.

"ఇవాళ నలభై మూడు కిలోమీటర్లు తిరిగాను, నడుం పోయింది" అంది మా ఆవిడ అన్నం దగ్గర. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడ్డాను.

తర్వాతి రోజు ముప్ఫై ఒకటి. స్కూటరు మీటరు చూశాను, అదీ ముప్ఫై ఒకటే తిరిగింది. ఆదివారం తను గడప దాటలేదు. అలమరలో అంకె కూడా కదల్లేదు.

నాకు నిద్ర కరువైంది. పగలంతా ఏ పనిలోనూ నిలవలేను. కుర్చీలోంచి లేచి అలమర తెరుస్తాను, మూస్తాను, మళ్ళీ తెరుస్తాను. చెబితే నా దొంగపని బయటపడుతుందని మా ఆవిడకి చెప్పలేదు. సిగ్గులేనివాడినని చెప్పుకున్నాను కదా, అది అబద్ధం. చెప్పకుండా స్కూటరు ప్లగ్గు పీకి దాచాను. తను బస్సెక్కి వెళ్ళింది. అంకె ఎప్పటిలాగే ముందుకు జరిగింది. అది స్కూటర్ని లెక్కపెట్టడం లేదు.

మీటరు పట్టుకుని టైలరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"వెనక్కి తిప్పారా" అంది నెమ్మదిగా.

"తప్పయిపోయిందమ్మా. తీసేసుకోండి. డబ్బొద్దు."

"నేనేం చేసుకోను? ఆయన్ని మీరే వెనక్కి తెచ్చారు. ఇప్పుడు ఆ దారంతా ఆయన మళ్ళీ రావాలి." మిషను ఆపి నావైపు చూసింది. "ఒక్కరే బండి నడపడం ఆయనకి అలవాటు లేదు. ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు ఉండాలి."

రెండు వారాలు తిరిగేసరికి 20,403. ఇంకా తొమ్మిది.

ఆ పొద్దున మా ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంటుంటే తలుపుకి అడ్డం పడి మొత్తం చెప్పాను. దెయ్యం సంగతి విని తను నవ్వలేదు, భయపడలేదు. "అంటే అంకె మార్చి అమ్ముదామనుకున్నారా?" అని మాత్రం అడిగింది. ఒప్పుకున్నాను. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటూ సంచీ దించింది. నేను తలుపు దగ్గర్నుంచి కదలకపోవడం చూసి కాబోలు, ఫోను చేసి సెలవు పెట్టింది.

వాన పట్టింది. కిటికీలన్నీ మూసేశాం. మీటరుని బల్లమీద పెట్టి, అద్దం తీసి, ఎదురుగా కూర్చున్నాను. మా ఆవిడ పక్కనే వాలుకుర్చీలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పదకొండయింది. పన్నెండయింది. అంకె కదల్లేదు. తను ఇంట్లో ఉంటే ఏమీ కాదు, రేపూ ఎల్లుండీ కూడా ఇంట్లోనే ఉంచేస్తాను, అవసరమైతే జన్మంతా ఉంచేస్తాను అనుకున్నాను. ప్రాణం కొంచెం కుదుటపడింది.

మధ్యాహ్నం రెండింటికి తనకి కునుకు పట్టింది. చేతిలో సగం మడిచిన తువ్వాలు ఒళ్ళోకి జారింది.

టిక్.

20,404.

పెట్రోలు వాసన... దానితోపాటు ఎండకి కాగిన పాత సీట్ల తోలు వాసన. మూసిన గదిలో తన ముంగురులు వెనక్కి ఎగురుతున్నాయి.

భుజం పట్టి కుదిపాను. లేవలేదు. పేరు పెట్టి పిలిచాను. లేవలేదు. నిద్రలోనే తన ఒళ్ళు మెల్లగా ఎడమవైపు ఒరిగింది... నిలబడింది... కుడివైపు ఒరిగింది. మలుపులు తిరుగుతున్న బండిలో కూర్చున్నవాళ్ళు అలాగే ఒరుగుతారు.

20,407. 20,408.

"ఇంకా ఎంత దూరమండీ?" అంది కళ్ళు తెరవకుండా. నన్ను కాదు. తల అటు తిప్పి, కుర్చీకి కుడిపక్కన ఉన్న ఖాళీతో అంది.

ఏదో జవాబు వచ్చినట్టుంది. తల ఊపింది.

20,410.

తన చేతులు చల్లబడుతున్నాయి. పెదవుల రంగు మారుతోంది. రోజూ పదిమంది నాడి చూసే మనిషి నాడి నా వేళ్ళకి దొరకడం లేదు. ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపురం. నేనెప్పుడూ తనని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు.

20,411.

చివరి చక్రం తిరగడం మొదలైంది. ఒకటి పైకి పోతోంది, కిందనుంచి రెండు తల ఎత్తుతోంది. బొటనవేలు దానిమీద వేసి శక్తికొద్దీ నొక్కాను. చక్రం పళ్ళు చర్మంలోకి దిగాయి. రక్తం వచ్చింది. వదల్లేదు.

ఆగింది.

వాసన అలాగే ఉంది గానీ ముంగురులు ఎగరడం మానాయి. మా ఆవిడ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. బుగ్గలకి కొంచెం రంగొచ్చింది. నొప్పి తెలియడం లేదు నాకు. బతికింది అనుకున్నాను.

"ఆగిపోయింది" అని గొణిగింది నిద్రలో.

"అవును. లే. నేనే... ఇటు చూడు."

"ఎందుకు ఆగిందో చూస్తానని ఆయన దిగారు."

గదిలో ఎక్కడో కారు తలుపు పడ్డ చప్పుడు. తర్వాత అడుగులు. మా ఇంట్లో నేలంతా నున్నటి నాపరాయి. ఆ అడుగులు కంకర మీద పడుతున్నాయి... నా వెనక... తాపీగా.

తల తిప్పలేకపోయాను. తిప్పితే వేలు కదులుతుంది.

నా భుజం మీదుగా ఎవరో వంగారు. మెకానిక్కులు చిన్న లోపం కనిపెట్టినప్పుడు నాలుకతో చేసే చప్పుడు, చెవి పక్కనే వినిపించింది. తర్వాత చల్లటి వేళ్ళు నా బొటనవేలిని పట్టుకున్నాయి. బలవంతం లేదు. విరక్కుండా, ఓపికగా, ఎత్తుతున్నాయి.

కుర్చీలో మా ఆవిడ కళ్ళు మూసుకునే కాళ్ళు దగ్గరికి తీసుకుని, బండి బయల్దేరుతుంటే సర్దుకున్నట్టు, సర్దుకుని కూర్చుంది.