తొమ్మిదో అంతస్తులో డాక్టర్ ఓంగ్

ఉదయం పది గంటల నలభై నిమిషాలు. పెనాంగ్‌లో ఓ ఆసుపత్రి కార్ పార్కింగ్. ఏజెంట్ హనాఫీ గొంతు తెగి పడి ఉన్నాడు.

తోటి ఏజెంట్ రజ్లాన్ అతని కళ్ళు మూశాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ జహారా గొంతు వినిపించింది.

“పదకొండింటికి తొమ్మిదో అంతస్తులో డాక్టర్ ఓంగ్ ప్రెస్‌మీట్. విదేశీ ముఠా అమ్మే సన్నబడే మాత్రలు రక్తంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనే తుప్పు పెంచి గుండెను తినేస్తున్నాయని రుజువు చేయబోతోంది. ఆవిడ నోరు విప్పకూడదని వాళ్ళ పంతం. హంతకుడు లోపలే ఉన్నాడు.”

“లోపల మన మనిషి ఎవరు?”

“నర్స్ ఐరీన్. కోడ్ ముళ్ళపండు పేరుతో, ‘దురియన్ పండిందా?’”

లాబీలో ఐరీన్ ఎదురొచ్చింది. చూపు తిప్పుకోనివ్వని అందం.

“దురియన్ పండిందా?”

“ఇంకా ముళ్ళే, అబాంగ్ అన్నా. లిఫ్ట్ చెడిపోయింది. నీ ఫైల్ చదివాలే. నూట అరవై కిలోలు, నీరసపు గుండె! మూడో అంతస్తుకే కూలబడతావ్. ఇక్కడే కూర్చో, నేను చూసొస్తా.”

ఆమె చేతి అంచున రక్తపు మరక, ఇంకా తడిగానే ఉంది. రజ్లాన్ మెట్లవైపు నడిచాడు. ఆమె ముందుకొచ్చి చాకు అతని పొట్టలో పిడిదాకా దించింది.

అతను పడలేదు.

“ఆ పొట్ట ఏడాది కిందటే డాక్టర్ ఓంగ్ ఆపరేషన్ చేసి తగ్గించేసింది, తల్లీ. ఇది నీలాంటివాళ్ళ కోసం కట్టుకున్న స్పాంజి.”

మణికట్టు విరిగిన చప్పుడు. ఆమె తల రెయిలింగ్‌కు కొట్టుకుంది. స్పాంజి విప్పి పారేసి రజ్లాన్ పరుగెత్తాడు.

ఆరో అంతస్తు మెట్ల మీద, అప్పట్లో ఆపరేషన్‌కు ముందు డాక్టర్ ఓంగ్ అన్న మాట గుర్తొచ్చింది. “కొవ్వు నీ రక్తనాళాల్లో తుప్పు రేపుతోందయ్యా. సర్జరీతో ఆ తుప్పు తగ్గుతుంది, గుండె తేలికపడుతుంది. మిగతాది నువ్వు నడిచి సంపాదించుకోవాలి.”

గుండె గట్టిగా కొట్టుకుంది. తడబడలేదు.

పది యాభై తొమ్మిది. తొమ్మిదో అంతస్తు హాల్లో ఓ కెమెరామాన్ లెన్స్‌ను డాక్టర్ ఓంగ్ నుదుటికి గురిపెట్టాడు. అది లెన్స్ కాదు, తుపాకీ గొట్టం! రజ్లాన్ దూకాడు. గుండు అతని చెవి తమ్మెను ఎగరగొట్టి గోడలో దిగింది. హంతకుడు వెనకనుంచి తీగతో అతని మెడ బిగించాడు. రజ్లాన్ అతన్ని ఒంటితో వెనక్కి తోశాడు. కిటికీ అద్దం భళ్ళున పగిలింది. తీగ తెగింది. హంతకుడొక్కడే కిందికి పోయాడు.

డాక్టర్ ఓంగ్ మైకు పట్టుకుంది. “మొదటి స్లైడ్ వెయ్యండి.”

మధ్యాహ్నం జహారా నాసి కందార్ కూరన్నం పొట్లం తెచ్చింది. రజ్లాన్ మూడు చెంచాలు తిని పక్కన పెట్టాడు.

“అంతేనా?”

“కడుపులో ఇప్పుడంతే చోటు, పువాన్ మేడమ్. హనాఫీని చంపినవాళ్ళ మీద కోపానికి మాత్రం సర్జరీ చెయ్యలేదు.”